సంచెడు బొరుగులు, గుప్పెడు ఉగ్గాని

అనంతపురంలో గది తీసుకుని చదువుకుంటూ, నాలుకను మాత్రం మెస్సు చేతిలో పెట్టలేని కుర్రవాడికి నెలకు మూడు కాలాలు. ఇంటి నుంచి డబ్బులు పడిన వారం బిర్యానీ, నడినెల సంగటి, 20 దాటాక ఉగ్గాని, అంటే బొరుగులు (మరమరాలు) తడిపి తిరగవాత వేసిన టిఫిను. బిర్యానీ వారం గురించి చెప్పేదేం లేదు. జేబు బరువుగా ఉంటే ఎవడైనా రుచులు తెలిసినవాడే.

సంగటి దగ్గర్నుంచి లెక్కలు మొదలవుతాయి. రెండో ముద్దకు డబ్బులడగని హోటళ్ళు కొన్ని ఉంటాయి. పులుసు ఎన్నిసార్లు అడిగినా పోసేవీ ఉంటాయి. ఈ రెండు సుగుణాలూ ఒకేచోట కనిపెట్టిన రోజు మనవాడికి ఉద్యోగం వచ్చినంత సంబరం. ‘అన్నా, రవ్వంత పులుసు’ అంటూ మొదటి ముద్ద సగానికి రాకముందే నాలుగుసార్లు పోయించుకుంటాడు. వడ్డించే అన్న విసుక్కోడు. ఆ గరిటెలో ముక్కలుండవు, కారమే ఉంటుందని ఆయనకు తెలుసు. నాలుగో గరిటె తర్వాత మనవాడు చెంబెడు నీళ్ళు తాగుతాడు. ఇంగ రెండో ముద్దకు కడుపులో చోటేదీ?

గదిలో ఉండే గోదావరి జిల్లా మిత్రుడి కష్టం వేరు. అతను సంగటిని నమిలాడు. ఉడికిన బియ్యంలో రాగిపిండి పోసి, కట్టెతో గెలికి, వేడివేడిగా ముద్ద కట్టిన పదార్థం అది. నమిలేకొద్దీ పళ్ళకు అతుక్కుంటుంది, చల్లారేకొద్దీ గట్టిపడుతుంది. చిన్న ఉండ తుంచి, బొటనవేలితో నడిమధ్య గుంట చేసి, ఆ గుంటలోకి పులుసు తీసుకుని గుటుక్కున మింగాలి. పావుగంట దవడలు ఆడించాక అతను అడిగిన ప్రశ్న: ‘మీవాళ్ళు దీన్ని రోజూ తింటారా, పనులెప్పుడు చేసుకుంటారండీ?’

ఇక అసలు కథ ఉగ్గాని కాలంలోది.

బళ్ళారి వైపు దీన్ని ఒగ్గరణె అంటారు, అంటే తిరగవాత. పేరులోనే ఉంది చూడండి, బొరుగులది పక్కపాత్రే. మనవాడు రోజూ పొద్దున టవర్ క్లాక్ దగ్గర్లోని ఒక బండి ముందు నిలబడి, బండి నడిపే అక్క పనితనం చూసి, ఒకరోజు పెద్ద నిజం కనిపెట్టాడు. ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలకు పెట్టే డబ్బుతో పావుకిలో బొరుగులొస్తాయి! పావుకిలో అంటే తలగడంత సంచి. దాన్ని చంకన పెట్టుకుని నడుస్తుంటే తనే ఒక హోటలు పెట్టినంత ధీమా వచ్చింది. ఆ ధీమాలోనే, 26వ తారీఖున, ఎనిమిది మందిని టిఫినుకు పిలిచాడు.

ఇక్కడ బొరుగుల గుణం చెప్పాలి. బొరుగులో బియ్యం కంటే గాలే ఎక్కువ. నీళ్ళు తగలగానే ఆ గాలి పోతుంది, తలగడ కాస్తా చేతిరుమాలవుతుంది. పావుకిలో బొరుగులు తడిపి పిండితే ముగ్గురికి కడుపు నిండుతుంది, నలుగురైతే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ తినాలి. బొరుగులను కంటితో కొనకూడదు, తూకంతో కొనాలి. ఎనిమిది మందికి అరకిలో పైమాటే.

సరే, కొన్నదేదో కొన్నాడు. పెద్ద గిన్నె లేదు. స్నానాల బకెట్టు మూడుసార్లు కడిగి, నిండా నీళ్ళు పట్టి, సంచి మొత్తం ఒకేసారి గుమ్మరించాడు. బొరుగులు తెల్లగా పైకి తేలాయి. అవి మునిగేలోపు నిమ్మకాయలు తెద్దామని బయటికి వెళ్ళాడు. సప్తగిరి సర్కిల్ దాకా వెళ్ళినవాడు రెండు నిమ్మకాయలు కొని వెంటనే తిరిగొస్తాడా? దారిలో క్లాస్‌మేటు కనబడ్డాడు. మొత్తం ఇరవై నిమిషాలు.

పద్ధతి ఏమిటంటే, గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకుని, రెండు గుప్పిళ్ళ బొరుగులు వేసి, అరచేత్తో ఒకసారి ముంచాలి. వేళ్ళ మధ్య నొక్కితే అణిగి, నడిమధ్య పలుకు ఇంకా కొంచెం తెలుస్తుండగానే తీసి పిండాలి. లావు బొరుగులైతే ఒకటి రెండు నిమిషాలు, సన్నవైతే ముంచి తీయడమే. అలా విడతలు విడతలుగా. ఒకేసారి పోస్తే మొదట పిండినవి ఉగ్గాని, చివర పిండినవి అంబలి.

మనవాడు తిరిగొచ్చి బకెట్టులో చెయ్యి పెట్టాడు. బొరుగులు కనబడలేదు. పిండితే వేళ్ళ సందుల్లోంచి తెల్లటి ముద్ద బయటికొచ్చింది. గోదావరి మిత్రుడు తొంగిచూసి, ‘సంగటా?’ అన్నాడు భయంగా.

పారేయడానికి మనసొప్పలేదు. తిరగవాత పడితే అన్నీ సర్దుకుంటాయన్న నమ్మకంతో స్టవ్ వెలిగించారు. ఆ భాగం నిజానికి బాగానే చేశారు. బాండలిలో నాలుగు చెంచాల శెనక్కాయ నూనె, ఆవాలు, కరివేపాకు, సన్నగా తరిగిన మూడు ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు). ఎర్రగడ్డ ఎర్రబడేదాకా వేయించకూడదు, మెత్తబడితే చాలు, పంటికి తగలాలి. ఆరు పచ్చిమిరపకాయలు ఉప్పేసి దంచిన ముద్ద, పావు చెంచా పసుపు. పసుపు నూనెలోనే పడాలి, బొరుగుల మీద చల్లితే ఒకచోట పచ్చ, ఒకచోట తెలుపు. ఉప్పు మాత్రం ఎక్కువైంది. బొరుగుల్లో అప్పటికే ఉప్పుంటుందని, నాలుగు నోట్లో వేసుకుని చూశాకే మిరపకాయ ముద్దలో వేసుకోవాలని వాళ్ళకెవరు చెప్తారు?

చివర్లో పప్పుల పొడి. ఇది కేవలం రుచికి అనుకుంటారు చాలామంది. పప్పులు (పుట్నాలు), ఎండుకొబ్బరి, నాలుగు తెల్లగడ్డ (వెల్లుల్లి) రెబ్బలు కలిపి కొట్టిన ఈ పొడి బొరుగుల్లో మిగిలిన తడిని పీల్చుకుని ఏ పలుకుకా పలుకు విడదీస్తుంది. స్టవ్ ఆపాక మూడు చెంచాలు చల్లి, చేత్తో తేలిగ్గా కలపాలి. మనవాళ్ళు పొట్లం మొత్తం వేశారు. ముద్ద ఆ పొడిని తాగేసి, ఇంకా గట్టిబడి, గరిటెను పట్టుకుని వదల్లేదు.

బజ్జీల ఊసు ఎత్తకుండా ఉంటే బాగుండేది. నాలుగు బజ్జీలు మునగాలంటే బాండలిలో అర లీటరు నూనె కాగాలి. గది బడ్జెట్ అక్కడే తెల్లమొహం వేస్తుంది. అయినా ఒక విడత వేశారు. పిండి పొంగాలని వంటసోడా చెంచా నిండా వేస్తే బజ్జీలు పొంగాయి, పొంగినకొద్దీ నూనె తాగాయి. కడిగి తుడవని మిరపకాయ ఒకటి టప్పున పేలి గోడ మీద క్యాలెండరును తడిపింది. సరిగ్గా 26 మీద.

ఎనిమిది మందీ వేళకు వచ్చారు. గిన్నెలోకి చూశారు. ఎవరూ ఏమీ అనకుండా చెప్పులేసుకుని అక్క బండి దగ్గరికి నడిచారు. అప్పటికి తొమ్మిదిన్నర, ఉగ్గాని అయిపోయింది, బజ్జీలు మాత్రమే ఉన్నాయి.

‘ఎంతసేపు నానేసినావబ్బయ్యా?’ అంది అక్క, సంగతంతా విని.

‘ఇరవై నిమిషాలక్కా.’

‘నానేసేదేంది? తడపల్ల! బొరుగులనుకున్నావా, మినపబ్యాళ్ళనుకున్నావా?’

పదహారు బజ్జీలు కట్టించుకున్నారు. ‘ఇంగ రవ్వంత పప్పుల పొడి ఎయ్యక్కా’ అంటే ఊరికే ఒక పొట్లం ఇచ్చింది. ఆ ఖర్చుతో ఎనిమిది మందిలో నలుగురు బండి దగ్గరే పొద్దున్నే ప్లేటు ఉగ్గాని తిని ఉండేవాళ్ళన్న లెక్క మనవాడు వేసుకున్నాడు గానీ పైకి చెప్పలేదు.

గదికొచ్చి, ముద్దను తొమ్మిది భాగాలు చేశారు. కాదు, పది, గోదావరి మిత్రుణ్ణి మరిచిపోయారు. అతను మాత్రం ఈసారి నమలలేదు. చిన్న ఉండ తుంచి, బొటనవేలితో నడిమధ్య గుంట చేసి, అందులో బజ్జీ ముక్క పెట్టుకుని, గుటుక్కున మింగేశాడు.