మహారాజశ్రీ ఆఫ్‌సెట్ గారికి

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ సర్వర్ తప్ప అందరం క్షేమం. డేటాబేస్‌ని పేజీలుగా అడిగేటప్పుడు, ముందున్న ఇన్ని రికార్డులు వదిలేసి ఆ తర్వాతవి ఇచ్చే కొలువు తమరిది కదా.

మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలెట్టిన ఎక్స్‌పోర్ట్ సాయంత్రం ఐదింటికీ తెమల్లేదు. 10 లక్షల రికార్డులు, పేజీకి 50. మొదటి పేజీ తమరు చిటికెలో ఇచ్చారు. రెండోదీ అంతే. టెస్టింగ్‌లో మూడో పేజీ దాటి ఎవరూ చూడరని తమకు బాగా తెలుసు.

10,001వ పేజీ అడిగాం. అంటే లిమిట్ (ఎన్ని రికార్డులు కావాలో) 50, ఆఫ్‌సెట్ (ముందు ఎన్ని వదలాలో) 500000. తమరు 5 లక్షల రికార్డులు ఒక్క గెంతులో దాటేస్తారనుకున్నాం. డేటాబేస్ లోపల ఏం చేసిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ పెట్టి చూస్తే, లిమిట్ కింద స్కాన్ దగ్గర చదివిన రికార్డులు 500050! అన్నీ చదివి, 5 లక్షలు పారేసి, 50 చేతిలో పెట్టారు. తర్వాతి పేజీకి మళ్లీ మొదటి నుంచే. శాంతిపర్వంలో పద్యం అడిగిన ప్రతిసారీ ఆదిపర్వం నుంచి చదువుకొచ్చే పండితులండీ తమరు. 20,000 పేజీలకూ కూడి చూడండి: 10 లక్షల రికార్డులివ్వడానికి చదివినవి 1000 కోట్ల పైచిలుకు.

పోనీ, నిదానమైనా నికరమా? కొత్తవి ముందుండే జాబితాలో పైన ఒక్క ఆర్డర్ పడితే చాలు, మొదటి పేజీ చివరి రికార్డు రెండో పేజీలో మళ్లీ ప్రత్యక్షం. పైన ఒకటి డిలీటైతే ఇంకొకటి ఏ పేజీలోనూ కనపడదు. ఎర్రరూ రాదు. టోటల్ కలవట్లేదని అకౌంట్స్ వాళ్లు ఫోన్ చేసినప్పుడే తెలిసేది.

(మొత్తం రికార్డులెన్నో లెక్కపెట్టే మీ బావమరిది కౌంట్ స్టార్ సంగతి ఇంకో ఉత్తరంలో. ఏ వరసలో ఇవ్వాలో చెప్పే ఆర్డర్ బై లేకుండా తమర్ని పిలిచేవాళ్లకు ఉత్తరం కూడా దండగ.)

ఇక మర్యాద చాలు. నీ పని, షరతు పెట్టి వడగట్టే వేర్ క్లాజ్ చేస్తుంది. చివరి రికార్డు తేదీ, ఐడీ దగ్గర పెట్టుకుని, ఆ జంటకంటే చిన్నవి 50 ఇమ్మంటే అయిపోతుంది. తేదీ ఒక్కటే చాలదు, ఒకే క్షణంలో రెండు ఆర్డర్లు పడితే ఒకటి జారిపోతుంది. రెండు కాలమ్‌లకూ కలిపి ఒక ఇండెక్స్ (పుస్తకం చివర పదసూచిక లాంటిది), ఆర్డర్ బైలోనూ అవే రెండు, అదే వరసలో. ఇండెక్స్ తిన్నగా అక్కడికే దిగుతుంది. 20,000వ పేజీ అయినా మొదటి పేజీ అంత పనే. నీకేం రోగం?

కానీ ఏం చేస్తాం, అడ్మిన్ స్క్రీన్‌లో 437 నొక్కితే నేరుగా 437కే పోవాలని క్లయింట్ పట్టు. దానికి నీ గుమ్మమే తొక్కాలి. అందుకే బతికిపోయావు. 500వ పేజీ దగ్గర గేటు పెట్టాం. దాటి వచ్చావో, టైమౌట్ 5 సెకన్లే.