మావయ్యకు జ్వరమే రాలేదు

మెదడులో చీము గడ్డల గురించి మీరు వేసిన వ్యాసం చదివాను. ఆ గడ్డ వస్తే జ్వరం, తలనొప్పి ఉంటాయని అందులో రాశారు. మా మావయ్యకు అసలు జ్వరమే రాలేదండీ. కిడ్నీ జబ్బుకి ఏడాదిగా స్టెరాయిడ్లు (రోగాల్ని తట్టుకునే శక్తిని తగ్గించే మందులు) వాడుతూ కూడా పొలం పని మానలేదాయన. ఒకరోజు భోజనం దగ్గర కుడి చేతిలోంచి ముద్ద జారి కంచంలో పడింది. మళ్ళీ కలిపారు, మళ్ళీ జారింది. "ఇదేంటే?" అన్నారు అత్తయ్యతో. మర్నాడు తెల్లవారుజామున ఫిట్స్.

ఎమ్మారైలో ఉంగరంలా కనబడిన మచ్చను చూసి టీబీ అన్నారు. మన దేశంలో ముందు అదే అనుమానిస్తారు, తప్పు పట్టను. కానీ మందులు మొదలుపెట్టిన మూడు వారాలకు చెయ్యి పూర్తిగా పడిపోయింది. వేరే ఆసుపత్రిలో సూదితో చీము తీసి చూస్తే నోకార్డియా. మట్టిలో ఉండే బ్యాక్టీరియా. ఊపిరితో లోపలికెళ్ళి, రక్తంలో మెదడుకు చేరుతుందట. టీబీ క్రిమిని గుర్తుపట్టడానికి ల్యాబ్‌లో వేసే రంగు దీనికీ కాస్త పడుతుంది, అదో తికమక. పైగా కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో ప్లేట్ల మీద క్రిమిని పెంచి చూసే పరీక్షలో, చాలా నిదానంగా పెరుగుతుంది. అనుమానం ఉంటే ఆ ప్లేట్లు తొందరగా పారెయ్యొద్దని ల్యాబ్ వాళ్ళకు ముందే చెప్పాలి. ఈ ముక్క వ్యాసంలో ఉండాల్సింది.

మందు మాత్రం పాతదే, కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్. ఏడాది మింగారు. చెయ్యి చాలావరకు వచ్చింది గానీ చొక్కా గుండీలు ఇప్పటికీ అత్తయ్యే పెడుతుంది. ఫిట్స్ మాత్రలు ఆపొద్దన్నారు. ఆపితే ఏమవుతుందో పోయిన సంక్రాంతికి చూశాం.