పెద్దవాళ్ళకూ ఉయ్యాల కావాలి

మా అపార్ట్‌మెంట్ పార్కులో ఉయ్యాల పక్కన బోర్డు ఉంది: "12 ఏళ్ళు దాటినవారు ఎక్కరాదు." మొన్న సాయంత్రం పై అంతస్తులో ఉండే పెద్దావిడ ఒకరు ఆ ఉయ్యాల గొలుసు పట్టుకుని కాసేపు నిలబడి, బోర్డు చూసి వెళ్ళిపోయారు. చాలా బాధేసింది.

చాలా ఏళ్ళ కిందట మా చెల్లిని చూడ్డానికి కెనడాలోని మాంట్రియల్ వెళ్ళాను. ఊరి నడిబొడ్డున, రోడ్డు పక్కనే వరసగా 21 ఉయ్యాలలు! డైలీ తూ లే జూర్ అనే డిజైన్ స్టూడియో వాళ్ళు 2011లో మొదటిసారి పెట్టారట. టికెట్ లేదు, వయసు అడిగేవాళ్ళు లేరు. ఊగుతుంటే ఉయ్యాల సంగీతం పలుకుతుంది. ఒక్కరే ఊగితే కాసిని స్వరాలే. పక్కవాళ్ళతో ఊపు కలిస్తేనే, అంతవరకూ వినపడని కొత్త బాణీ బయటికొస్తుంది. అసలు ఆటంతా అక్కడే ఉంది. జంతువుల ప్రవర్తన మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ లూక్-అలాన్ జిరాల్డో కూడా దీని తయారీలో పాలుపంచుకున్నారు. మనుషుల్ని కలపడానికి అంత ఆలోచించారు వాళ్ళు.

నా పక్క ఉయ్యాలలో ఒక పెద్దాయన. ఆయనకు ఫ్రెంచి తప్ప రాదు, నాకు ఆ భాష ముక్క రాదు. నేను ముందుకెళ్తుంటే ఆయన వెనక్కి వస్తున్నారు. ఆయనే చేత్తో సైగ చేసి, కాలు నేలకు ఆనించి వేగం తగ్గించి, నేను వెనక్కి రాగానే మళ్ళీ అందుకున్నారు. రెండుసార్లు తప్పింది. మూడోసారి కలిసింది, పాట మారింది. ఆయన నావైపు తిరిగి చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఇది మనకు తెలియనిదేం కాదు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో అట్లతద్దికి తెల్లారకముందే చద్దన్నం తిని, చెట్టుకు కట్టిన ఉయ్యాల దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. పెళ్ళయినవాళ్ళూ ఊగేవారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి ఊళ్ళో మొదటి స్నేహాలు అక్కడే కుదిరేవి. వెనకనుంచి తోసేవాళ్ళు తాడు గట్టిగా పట్టుకోమంటే, పరిచయం అయిపోయినట్టే.

ఇప్పుడు మాల్‌లో గేమ్ జోన్‌కి వెళ్ళినా, డబ్బు కట్టి, మనతో వచ్చినవాళ్ళతోనే ఆడి వచ్చేస్తాం. రోజూ లిఫ్టులో ఎదురయ్యే మనిషి పేరు ఏడాదైనా తెలియదు. పిల్లలు మాత్రం పది నిమిషాల్లో దోస్తులైపోతారు, ఎందుకంటే వాళ్ళకు ఆడుకోవడానికి చోటుంది. మనకు బోర్డు ఉంది.

ఆదివారం అసోసియేషన్ మీటింగ్. పెద్దవాళ్ళ బరువు మోసే గట్టి గొలుసులతో, పక్కపక్కనే రెండు ఉయ్యాలలు వేయించమని అడుగుతున్నాను. నా వంతు డబ్బు ముందే ఇచ్చేస్తాను. మా బ్లాకువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ రోజు రండి. పై అంతస్తు పెద్దావిడను నేను తీసుకొస్తాను.