జావాస్క్రిప్ట్‌లో ఇంకా ఆ వార్ (var) ఎందుకండీ?

జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్‌ను, అంటే విలువకు పెట్టే పేరును, ప్రకటించే పాత మాట వార్. దాని బదులు వాడుకోమని లెట్ (let), కాన్‌స్ట్ (const) 2015లోనే వచ్చాయి. ఇన్నేళ్లయినా కొత్తగా రాసిన కోడ్ తెరిస్తే మొదటి వరుసలోనే వార్! ఎందుకంత ప్రేమ? ఇఫ్ బ్లాకులో పుట్టిన వేరియబుల్ ఆ బ్లాకు దాటి ఫంక్షన్ అంతా షికారు చేస్తుంటే ఎవరికీ చిరాకు వేయదా? అదే పేరుతో రెండోసారి ప్రకటించినా కిక్కురుమనదు. ప్రకటించకముందే వాడినా తప్పని చెప్పదు, అన్‌డిఫైన్డ్ (ఇంకా విలువ లేదు) అని చేతిలో పెట్టి తప్పుకుంటుంది.

ఇక ఆ ఫర్ లూపు! వార్‌తో ప్రకటించిన ఐని 0 నుంచి 2 వరకు తిప్పుతూ, లోపల సెట్‌టైమౌట్ (ఇచ్చిన ఫంక్షన్‌ను కాసేపాగి నడిపేది) పెట్టి, ఐ విలువ చూపించమంటే ఏం రావాలి? 0, 1, 2. వచ్చేది 3, 3, 3! లూపు ముగిశాక నడిచే ఆ మూడు ఫంక్షన్లూ ఒకే ఐని పట్టుకుని వేలాడుతున్నాయి మరి. వార్ తీసి లెట్ పెడితే ప్రతి చుట్టుకూ కొత్త ఐ వస్తుంది. ఒక్క మాట మార్చడానికి ఇంత బద్ధకమా?

పోనీ కాన్‌స్ట్ వాడేవారైనా ఊరుకుంటారా? "కాన్‌స్ట్ అని రాశాను కదా, ఆబ్జెక్టు ఎలా మారింది?" అని గొడవ. అయ్యా, అది ఆ పేరుకు మరో విలువ అంటగట్టకుండా ఆపుతుంది, అంతే. లోపలి ప్రాపర్టీలకు కాపలా కాయదు! అందుకు ఆబ్జెక్ట్ ఫ్రీజ్ ఉంది. అదీ పై పొరనే గడ్డకట్టిస్తుంది, అది వేరే ఏడుపు.

ఇంకొందరు అన్నింటికీ, విలువ మార్చనిచ్చే లెట్టే. ఎక్కడ మారుతుందోనని చదివేవారు ఫైలంతా గాలించాలి. తీరా చూస్తే ఎక్కడా మారదు! కాన్‌స్ట్ అని రాస్తే వేళ్లు అరిగిపోతాయా?