ఓడ ఎక్కే ముందు చంటిబిడ్డ వయసు చూడండి

సెలవు రోజున భవానీ ద్వీపం వైపు బోటులో వెళ్లినవారికి ఈ దృశ్యం కొత్తకాదు. పెద్దల కొలతకు కుట్టిన లైఫ్‌జాకెట్‌ను మూడేళ్ల పిల్లకు తగిలిస్తారు. అది చెవుల దాకా లేచి నిలబడుతుంది. ఉక్కపోస్తోందని పిల్ల ఏడుపు లంకించుకుంటుంది. ఒడ్డు కనిపిస్తూనే ఉంది కదా అని తల్లి ఒక ముడి విప్పుతుంది. ఫొటో బాగా రాదని తండ్రి మొత్తం తీయించేస్తాడు.

ఇవే కుటుంబాలు ఇప్పుడు సముద్రం మీద క్రూజ్ గురించి మాట్లాడుకుంటున్నాయి. 2022లో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ నౌక విశాఖకు వచ్చినప్పటి నుంచి, ఆ మరుసటి ఏడాది అక్కడ ప్రత్యేకంగా క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైనప్పటి నుంచి, విజయవాడ, గుంటూరు ట్రావెల్ ఏజెంట్ల గోడల మీద తెల్లటి ఓడ బొమ్మలు కనిపిస్తున్నాయి. ఓడకు ఎన్ని అంతస్తులు, ఈతకొలను ఎంత పెద్దది, తలకు ఎంత పడుతుంది అని మనవాళ్లు అడుగుతారు. ఇంట్లో అందరికంటే చిన్నవాడి వయసెంత అని అటు ఏజెంటూ అడగడు, ఇటు మనమూ చెప్పం. నా దృష్టిలో తేల్చుకోవలసిన మొదటి సంగతి అదే. మిగతావన్నీ దాని తర్వాతే.

ఎందుకో చెబుతాను. క్రూజ్ మీద పిల్లల తల్లిదండ్రులకు చూపించే పెద్ద ఆశ కిడ్స్ క్లబ్. పిల్లలను అక్కడ వదిలేస్తే ఆడిస్తారు, బొమ్మలు వేయిస్తారు, మీరు హాయిగా సముద్రం చూస్తూ కాఫీ తాగవచ్చు అంటారు. అబద్ధమేమీ కాదు, అయితే దానికి గడప ఉంది. సింగపూర్ నుంచి నౌకలు నడిపే రాయల్ కరేబియన్‌నే తీసుకుంటే, వారి ఉచిత పిల్లల క్లబ్‌లో ప్రవేశం మూడేళ్లు నిండినవారికే. అదీ డైపర్ మానేసి, టాయిలెట్‌కు సొంతంగా వెళ్లగలిగితేనే. అంతకంటే చిన్నవారికి కొన్ని నౌకల్లో నర్సరీ ఉంటుంది, దానికి గంటల లెక్కన డబ్బు కట్టాలి. ఆరు నెలలు నిండని బిడ్డను అసలు ఓడే ఎక్కించుకోరు. డైపర్ వేసుకునే పిల్లలను పెద్ద కొలనులోకి దిగనివ్వరు. ఈత డైపర్ వేశాం కదా అన్నా ఒప్పుకోరు.

అంటే రెండేళ్ల బిడ్డతో వెళ్లిన తల్లి ఇంట్లో చేసే చాకిరీనే, ఇంట్లోని వంటగది, పనిమనిషి, పక్కింటివాళ్లు ఎవరూ లేకుండా, మన పడకగది కంటే ఇరుకైన కేబిన్‌లో చేస్తుంది. ఈ చిక్కుకు మన కుటుంబాల్లో ఒక పరిష్కారం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: అమ్మమ్మ. ఆవిడకూ టికెట్ కొంటారు. చుట్టాలకు చెప్పేటప్పుడు ‘అమ్మకు సముద్రం చూపించాం’ అంటారు. నిజానికి ఆవిడ చూసింది నిద్రపోతున్న మనవణ్ని, కేబిన్ గోడను. మూడు తరాలూ కలిసి వెళ్లడం తప్పని అనను. అలా వెళ్లేవారు మధ్యలో తలుపు ఉన్న రెండు గదులను ముందే అడిగి తీసుకోవాలి. సాయంత్రాలు వంతులు వేసుకుని, అమ్మమ్మ వంతుకూ ఒక నృత్య ప్రదర్శన రాసిపెట్టాలి.

ఇక కేలండర్. ఇక్కడ ఒక తమాషా ఉంది. జూన్ నుంచి నైరుతి రుతుపవనాలతో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కాబట్టి ముంబయిలో ఉండే ఎంప్రెస్ నౌక ఆ నెలల్లో ఇటు చెన్నై, విశాఖ వైపు వస్తుంది. సరిగ్గా అప్పుడే మన బడులు తెరుస్తారు. బడి గొడవ లేని పిల్లలకేమో క్లబ్ వయసు రాలేదు. క్లబ్ వయసు వచ్చినవారికి సెలవుల్లేవు. బడికి వెళ్లేవారిలో చిన్నవారికి మాత్రం ఒక సందు దొరుకుతుంది. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలు మూడు రోజులు బడి మానితే కొంపలేమీ మునగవు. మూడో తరగతి దాటాక ఆ మాట అనడం కష్టం. సంక్రాంతికే వెళ్లాలనుకుంటే ముంబయి నుంచి గోవా, లక్షద్వీప్ వైపు చూడాలి. జనవరిలో ఆ సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం సంగతి గుంటూరు, బాపట్ల వారికి నేను చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే.

ఎంప్రెస్ 1990లో మరో పేరుతో ప్రయాణం మొదలుపెట్టిన నౌక. ఇప్పటి రాక్షసాకార నౌకల పక్కన అది చిన్నది. చిన్న నౌకలో పిల్లలు తప్పిపోరు, నడక తక్కువ, అది మేలే. కానీ అల వస్తే ఊగడం ఎక్కువ తెలుస్తుంది. రెండేళ్ల లోపు పసివారికి కడుపు తిప్పడం అరుదు, ఆ తర్వాత నుంచి పన్నెండేళ్ల వరకు ఆ బాధ బాగా ఎక్కువ. మన ఘాట్ రోడ్ల మీద కారు ఆపించే పిల్లలు ఎవరో మీకు తెలుసు. వారి కోసం కింది అంతస్తులో, ఓడ నడిమి భాగంలో గది తీసుకోండి. పైఅంతస్తు బాల్కనీ గది ఫొటోలకు బాగుంటుంది. కుర్చీ లాక్కుని కమ్మీ ఎక్కే వయసు బిడ్డ ఉన్నప్పుడు బాల్కనీకి అదనంగా డబ్బు కట్టడం, రోజంతా దాని తలుపు గడియకు కాపలా కాయడానికే అవుతుంది.

తిండి విషయంలో మనవాళ్లు పడే భయం అతిగా ఉంటుందనిపిస్తుంది. మన దేశం నుంచి బయలుదేరే నౌకలో అన్నం, పప్పు, పెరుగు దొరకవన్న బెంగ అక్కర్లేదు. అయితే ఎలక్ట్రిక్ కెటిల్, బుల్లి రైస్ కుక్కర్ సంచిలో పెట్టుకుంటే నిప్పు ప్రమాదమని తనిఖీలో తీసేసుకుంటారు. పాల సీసాలకు వేడినీళ్లు అడిగి తెచ్చుకోవలసిందే. రాత్రి భోజనానికి రెండు వేళలు ఉంటే మొదటిదే ఎంచుకోండి. తొమ్మిదింటి బంతికి కూర్చున్న నాలుగేళ్ల పిల్ల పెరుగన్నం రాకముందే బల్ల మీద తల వాల్చేస్తుంది. చేతులకు శానిటైజర్ రాస్తే చాలనుకోవద్దు. ఓడల్లో వాంతులు, విరేచనాలు అంటించే నోరోవైరస్‌కు సబ్బు, నీళ్లే సరైన విరుగుడు.

‘పిల్లలకు ఉచితం’ అనే ప్రకటన గురించి ఒక్క మాట. అది సాధారణంగా ఒకే గదిలో మూడో, నాలుగో వ్యక్తిగా ఉన్న పిల్లలకు వర్తిస్తుంది. రేవు రుసుములు, పన్నులు మాత్రం పసిబిడ్డకూ పడతాయి. మొత్తం బిల్లు ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే మాట్లాడాలి.

సింగపూర్ క్రూజ్‌లు పిల్లల వసతుల్లో మెరుగే, కాదనను. కానీ చంటిబిడ్డకూ సొంత పాస్‌పోర్టు కావాలి. ఓడలో వెళ్లి మళ్లీ సింగపూర్‌లోనే దిగుతాం కాబట్టి రెండుసార్లు ప్రవేశించడానికి వీలైన వీసా ఉండాలి, మధ్యలో ఆగే దేశాల నిబంధనలు వేరు. మొదటిసారికి ఇంత తలనొప్పి దేనికి? విశాఖకో చెన్నైకో రైల్లో వెళ్లి, రెండు రాత్రుల ప్రయాణం చేసి చూస్తే, మీ పిల్లలకు సముద్రం పడుతుందో లేదో తెలిసిపోతుంది. చిన్నది ఇంకా డైపర్‌లోనే ఉంటే ఆ రెండు రాత్రులు కూడా మరో ఏడాది ఆగవచ్చు.

మళ్లీ లైఫ్‌జాకెట్ దగ్గరికి వస్తాను. నీటి పక్కనే బతికే మనకు నీటి భయం మాటల్లోనే ఉంది, చేతల్లో లేదు. 2017 నవంబరులో కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర బోట్లు మునిగాయి. ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరాయో మరిచిపోయేంత కాలం కాలేదు. సముద్ర నౌకలకు అంతర్జాతీయ నిబంధన ఖచ్చితంగా ఉంది. 15 కిలోల లోపు పసివారికి ఒక రకం, ఆపైన 43 కిలోల లోపు పిల్లలకు మరో రకం జాకెట్లు. 24 గంటలు మించిన ప్రయాణమైతే ఎక్కిన ప్రతి పసిబిడ్డకూ ఒకటి ఉండి తీరాలి. ప్రమాదం వస్తే ఏం చేయాలో ప్రయాణికులందరికీ చూపించే కసరత్తు కూడా ఓడ కదిలే వేళకే పూర్తిచేయాలి. ఆ సమయంలో మనవాళ్లు బఫే వరుసలో ఉంటే ప్రయోజనం లేదు. ఈతకొలను దగ్గర కాపలాదారు మాత్రం అన్ని నౌకల్లోనూ ఉంటాడనుకోవద్దు. రాయల్ కరేబియన్ లాంటి సంస్థ కూడా వారిని పెట్టింది 2017లోనే.

కాబట్టి ఏజెంటుకు ఫోను చేసినప్పుడు, మా అబ్బాయి పదమూడు కిలోలు, వాడికి సరిపోయే జాకెట్ గదికే ఇస్తారా, క్లబ్‌లో వాడికి చోటుందా అని అడగండి. అతను మ్యాజిక్ షో గురించి చెప్పడం మొదలుపెడితే, విని, మళ్లీ అదే అడగండి.