మే సగటు 33 డిగ్రీలే, నవంబరులో రోజుకు 8 మిల్లీమీటర్లే: ఆ ఫార్వర్డ్ లెక్క ఎక్కడ తప్పింది?

తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో నెలవారీ వాతావరణ పట్టిక ఒకటి తిరుగుతోంది. దాని కింద ఇలా రాసుంది: "తిరుపతిలో మే సగటు ఉష్ణోగ్రత 33 డిగ్రీలే, 43 అంటూ జనాన్ని భయపెడుతున్నారు. నవంబరులో 240 మిల్లీమీటర్లు, అంటే రోజుకు 8. దానికే వరదలొస్తాయా? జూన్ నుంచి సెప్టెంబరు దాకా వర్షపాతం సాధారణమే, కరువు కట్టుకథ. పైగా ఫిబ్రవరిలో 300 శాతం అధిక వర్షం." పట్టికలోని అంకెలతో మాకు పేచీ లేదు. వాటిని చదివిన తీరే తప్పు. దీన్ని నమ్మి చెరువు కట్ట కింద ధీమాగా పడుకునేవాళ్లుంటారు కాబట్టి ఊరుకోలేం.

"మే సగటు 33 డిగ్రీలే."

సగటు ఉష్ణోగ్రత అంటే పగటి గరిష్ఠాన్నీ తెల్లవారుజాము కనిష్ఠాన్నీ కూడి రెండుతో భాగించింది. పగలు 40, రాత్రి 27 అయితే 33.5 వస్తుంది. ఆ 33.5 డిగ్రీల ఎండలో ఎవరూ నడవరు. మధ్యాహ్నం రెండింటికి రోడ్డు మీదున్న మనిషికి తగిలేది 40. అందుకే పట్టికలో మూడు నిలువు వరుసలు విడివిడిగా చూడాలి: సగటు గరిష్ఠం, సగటు కనిష్ఠం, నెలలో నమోదైన అత్యధికం. సగటు గరిష్ఠం 40 ఉన్న నెలలో ఒకటి రెండు రోజులు 43 తాకడం వింతేమీ కాదు. రెండు అంకెలూ నిజమే, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని అబద్ధం అనలేం.

"43 వచ్చినా వడగాలి అని ప్రకటించలేదుగా" అని కూడా కొందరు జోడిస్తున్నారు. మైదాన ప్రాంతంలో గరిష్ఠం 40 దాటి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుంటేనో, లేదా నేరుగా 45 తాకితేనో వాతావరణ శాఖ వడగాలి అంటుంది. సాధారణమే 40 ఉన్నచోట 43కి ఆ పేరు రాదు. పేరు రానంత మాత్రాన దెబ్బ తగలకుండా పోదు. రాత్రి కనిష్ఠం 30 దగ్గరే ఆగిపోతే ఒళ్లు తేరుకోదు, కాబట్టి కనిష్ఠం వరుసను వదిలేయొద్దు.

ఇంకో మాట. తిరుమల తిరుపతి కంటే దాదాపు 700 మీటర్లు ఎత్తు. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుందనుకుంటే పైన నాలుగైదు డిగ్రీలు తక్కువుంటుంది. కొండ మీది అంకెను పట్టణానికి అంటగట్టకూడదు.

"రోజుకు 8 మిల్లీమీటర్లకే వరదలా?"

అన్నింటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. మన వైపు నవంబరు వాన ముప్పై రోజులకూ సమానంగా పంచుకుని రాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే రెండు మూడు రోజుల్లోనే నెల వానలో పెద్ద భాగం కురిసేస్తుంది, మిగతా రోజులు పొడిగా పోతాయి. 2021 నవంబరు 18, 19 తేదీల్లో జరిగింది అదే. శేషాచలం మీద పడ్డ నీళ్లు మెట్లదారుల వెంట ఏరులై దిగాయి, శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. నెల మొత్తాన్ని 30తో భాగిస్తే ఆ రెండు రోజులూ కనపడకుండా పోతాయి.

వాన బరువు తెలియాలంటే ఈ లెక్క చాలు: ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు పడితే ఎకరానికి 4,04,700 లీటర్లు, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు నలభై. రాతి కొండ దాన్ని ఇంకించుకోదు.

కాబట్టి మొత్తం వాన పక్కనే ఇంకో రెండు అంకెలు అడగాలి. ఒకటి, నెలలో వర్షపు రోజులెన్ని? 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి కురిస్తేనే వర్షపు రోజు. రెండు, 24 గంటల్లో అత్యధికం ఎంత? 240 మిల్లీమీటర్లు 12 రోజుల్లో వస్తే చెరువు నింపుతుంది, 3 రోజుల్లో వస్తే కట్ట తెంపుతుంది. తేదీలతో జాగ్రత్త: వానమాపకాన్ని ఉదయం 8:30కి చూసి, అంతకు ముందు 24 గంటల వానను ఆ రోజు పేరున రాస్తారు. 18 సాయంత్రం కురిసింది 19 లెక్కలో ఉంటుంది. అక్టోబరు 31 రాత్రి వాన నవంబరు ఖాతాలో పడుతుంది.

"వర్షపాతం సాధారణమే, కరువు కట్టుకథ."

'సాధారణం' అనేది ఒక అంకె కాదు, చాలా ఏళ్ల సగటుకు మైనస్ 19 నుంచి ప్లస్ 19 శాతం దాకా ఉన్న పట్టీ. ఆ సగటు 400 మిల్లీమీటర్లైతే 324 కురిసినా కాగితం మీద సాధారణమే. మైనస్ 20 నుంచి 59 దాకా లోటు, 60 నుంచి తీవ్ర లోటు.

అంతకన్నా ముఖ్యం, ఎప్పుడు కురిసిందన్నది. వర్షాధార వేరుశనగకు పూత తర్వాత ఊడలు దిగేటప్పుడు పై మట్టి మెత్తగా ఉండాలి. నేల బిగుసుకుంటే ఊడ లోపలికి పోదు, కాయ పట్టదు. ఆగస్టు మొదటి మూడు రోజుల్లో 50, చివరి మూడు రోజుల్లో 50 కురిసినా నెల లెక్క 100. మధ్యలో మూడు వారాలు పైరు వాడిపోయిన సంగతి ఆ వందలో లేదు. 2016 జాతీయ కరువు మాన్యువల్‌లో డ్రై స్పెల్‌ని, అంటే వానల మధ్య వచ్చే పొడి విరామాన్ని, విడిగా చూడమన్నది ఇందుకే.

జిల్లా సగటుతో ఇంకో తిరకాసుంది. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా విడిపోయింది. మదనపల్లె, పీలేరు వైపు అన్నమయ్య జిల్లాలోకి పోయింది. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు నెల్లూరు నుంచి వచ్చిన గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరితో కలిసి తిరుపతి జిల్లా అయింది. సముద్రపు ఒడ్డు మండలాలు చేరాక ఈశాన్య రుతుపవనాల వాటా పెరిగి కనిపిస్తుంది. 2019 'చిత్తూరు'నూ 2023 'చిత్తూరు'నూ పక్కపక్కన పెడితే పేరొకటే, నేల వేరు. కుప్పానికి సూళ్లూరుపేట లెక్క పనికిరాదు, మండలం అంకె చూడండి.

"ఫిబ్రవరిలో 300 శాతం అధికం."

ఫిబ్రవరి సాధారణం ఇక్కడ కొద్ది మిల్లీమీటర్లే. 8 అనుకుంటే 300 శాతం అధికమంటే 32. ఒక సాయంత్రం జల్లు. చెరువుకు చుక్క చేరకుండానే ఆవిరైపోతుంది. శాతం చూడగానే దేని మీద శాతమో అడగాలి.

మీ ఊరి అంకె మీరే తెలుసుకోవాలంటే అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బాను ఆరుబయట పెట్టండి. గోడ ఎంత ఎత్తుంటే దానికి రెండింతల దూరమైనా ఉండాలి. పైన వెడల్పు, కింద సన్నం ఉన్న బకెట్ వద్దు, అది వానను ఎక్కువ చేసి చూపిస్తుంది. రోజూ ఉదయం 8:30కి స్కేలుతో లోతు కొలిచి, ఆ రోజు తేదీనే రాసుకుని, డబ్బా ఒంపేయండి. నెలాఖరున కూడి మండలం లెక్కతో పోల్చుకోండి.