రెండో విడత జేఈఈ: స్టడీ అవర్లు పెంచితే స్కోరు పెరుగుతుందా?

జాతీయ స్థాయి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ జనవరి విడత ఫలితాలు రాగానే మన కార్పొరేట్ జూనియర్ కాలేజీలు రెండు పనులు చేస్తాయి. పత్రికల మొదటి పేజీలో ర్యాంకుల ప్రకటన ఇస్తాయి, ఆ ప్రకటనలో ఫొటో పడని వేలమందికి కొత్త టైమ్ టేబుల్ ఇస్తాయి. ఉదయం స్టడీ అవర్ ఇంకాస్త ముందే మొదలవుతుంది, రాత్రిది ఇంకాస్త ఆలస్యంగా ముగుస్తుంది. నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ 2019లో ఈ పరీక్షను చేపట్టినప్పటి నుంచి ఏడాదికి ఒకటికి మించిన విడతలు పెడుతూ, వాటిలో మెరుగైన స్కోరునే ర్యాంకుకు లెక్కలోకి తీసుకుంటోంది. అంటే ఏప్రిల్‌లో జరిగే రెండో విడతలో మార్కులు తగ్గినా విద్యార్థికి పోయేదేమీ లేదు. ఇంత మంచి వెసులుబాటును మనం నిద్ర తగ్గించుకోవడానికి మాత్రమే వాడుకుంటున్నామన్నదే నా అభ్యంతరం.

క్యాలెండర్‌లో జనవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా రెండు నెలలు కనిపిస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థికి ఆ రెండు నెలలూ చేతికి రావు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, వాటి వెనకే పబ్లిక్ పరీక్షలు ఉంటాయి. మిగిలే కొద్ది వారాల్లో రెండేళ్ల సిలబస్‌ను మొదటి చాప్టర్ నుంచి మళ్లీ తిరగేయించడమంటే, వచ్చినవాటినే మళ్లీ చదివించి, రానివాటి దగ్గరికి వచ్చేసరికి పరీక్ష తేదీని ఎదురుగా నిలబెట్టడమే. పైగా 2024లో సిలబస్ తగ్గించినప్పుడు గణితంలో మ్యాథమెటికల్ ఇండక్షన్, రీజనింగ్, కెమిస్ట్రీలో సర్ఫేస్ కెమిస్ట్రీ, ఫిజిక్స్‌లో కమ్యూనికేషన్ సిస్టమ్స్ లాంటివి తీసేశారు. పాత మెటీరియల్ పట్టుకున్న పిల్లలు వాటి బిట్లు కూడా చేస్తూ కూర్చుంటారు.

ఏం చదవాలో చెప్పే కాగితం నిజానికి విద్యార్థి దగ్గరే ఉంటుంది. ప్రతి విడత తర్వాతా ఏజెన్సీ అభ్యర్థి రెస్పాన్స్ షీట్‌ను (అతను ఏ ప్రశ్నకు ఏ జవాబు పెట్టాడో చూపే పత్రం), ఆన్సర్ కీని వెబ్‌సైట్‌లో పెడుతుంది. చాలామంది మొత్తం మార్కులు లెక్కేసుకుని దాన్ని మూసేస్తారు. పేపర్‌లోని 75 ప్రశ్నలనూ ఓపిగ్గా విడదీస్తే తప్పులు ఒకే జాతివి కావని తెలుస్తుంది. కాన్సెప్టే తెలియక పోయినవి కొన్ని, సూత్రం తెలిసి కూడిక దగ్గరో గుర్తు దగ్గరో పోయినవి కొన్ని, ప్రశ్నను సగం చదివి 'సరికానిది ఏది' అన్న మాట గమనించక పోయినవి కొన్ని. వచ్చి ఉండీ సమయం చాలక వదిలేసినవి వేరే. మొదటి రకానికి పాఠం కావాలి. మిగతావాటికి పాఠంతో పనిలేదు, గడియారం పెట్టుకుని చేసే సాధన కావాలి. రెంటికీ ఒకే స్టడీ అవర్‌ను మందుగా ఇస్తే, ఏ జ్వరానికైనా ఒకే మాత్ర ఇచ్చే వైద్యంలా ఉంటుంది.

లెక్క చూద్దాం. ఒక విద్యార్థి 50 ప్రశ్నలు చేసి 30 సరిగా, 20 తప్పుగా రాశాడనుకుందాం. సరైనదానికి 4, తప్పుకు మైనస్ 1 కాబట్టి అతనికి 100 మార్కులు వస్తాయి. ఆ 20 తప్పుల్లో పొరపాటు వల్ల పోయినవి ఐదింటిని సరిచేసుకుంటే 35 ఒప్పులు, 15 తప్పులు, మార్కులు 125. ఒక్క కొత్త చాప్టరూ చదవకుండా పాతిక మార్కులు పెరిగాయి. తప్పుగా పెట్టిన ప్రతి తెలిసిన బిట్టూ ఐదు మార్కుల తేడా తెస్తుందన్న సంగతి పిల్లలకు వీకెండ్ టెస్టుల్లో ఎంతమంది చెబుతున్నారు?

తెలియని ప్రశ్నను ముట్టుకోవద్దన్న సలహా కూడా పూర్తిగా సరైంది కాదు. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే సగటున పావు మార్కు లాభమే. రెండు ఆప్షన్లను కారణంతో కొట్టేయగలిగితే ఆ లాభం ఒకటిన్నర మార్కులు. అయితే అసలు నష్టం గుడ్డి ఊహ వల్ల రాదు. తొందరలో చేసే తప్పుకు తగ్గ జవాబును పేపర్ తయారుచేసేవాళ్లు ముందే ఆప్షన్లలో పెట్టి ఉంచుతారు కాబట్టి, సగం తెలిసినవాడే ఎక్కువగా చిక్కుకుంటాడు. న్యూమరికల్ ప్రశ్నల్లో ఆప్షన్లే లేవు, ఇప్పుడు వాటికీ మైనస్ మార్కు ఉంది కనుక అక్కడ ఊహకు చోటు లేదు.

ఇక చదివే తీరు. 2006లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, పాఠం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. నోట్సు తిరగేస్తుంటే అంతా వచ్చినట్టే అనిపించడం ఎంత మోసమో దీన్ని బట్టి తెలుస్తుంది. ఇనార్గానిక్ కెమిస్ట్రీలో ఎన్‌సీఈఆర్‌టీ పేరాను పదోసారి చదవడం కన్నా, పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాసి, వదిలేసినవాటిని మూడు రోజుల తర్వాత మళ్లీ రాయడం మేలు. ఇంటర్ పరీక్షల రోజులూ వృథా కానక్కర్లేదు. థియరీ పేపర్ కోసం డెరివేషన్‌ను బట్టీ పట్టకుండా ప్రతి మెట్టూ ఎందుకొచ్చిందో అడుగుతూ రాస్తే అదే జేఈఈకి కూడా చదువు అవుతుంది.

వీటన్నిటికీ హద్దు ఉంది. 14 లక్షల మంది రాసిన పరీక్షలో 99 పర్సెంటైల్ అంటే ముందు ఇంకా సుమారు 14 వేలమంది ఉన్నట్టే. రొటేషనల్ మోషన్, ఆర్గానిక్ కెమిస్ట్రీ మొదటి నుంచీ అర్థం కాని విద్యార్థి ఈ కొద్ది వారాల్లో అంతదూరం ఎగబాకుతాడని చెప్పడం అబద్ధం. అతనికి ఇంకో దారి ఉంది. రాష్ట్రాలు పెట్టే ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, మైనస్ మార్కులు లేవు, ఇంజినీరింగ్ పేపర్‌లో సగం ప్రశ్నలు గణితానివే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ర్యాంకు లెక్కలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ కూడా ఉంది. తెలంగాణ దాన్ని 2023లో శాశ్వతంగా ఎత్తేసింది. మూడు గంటల్లో 160 బిట్లంటే ఒక్కోదానికి 68 సెకన్లు కూడా దక్కవు. అక్కడ గెలిచేది వేగం, ఆ వేగం జేఈఈ తరహా చిక్కు లెక్కల మీద గంటలు గడిపితే రాదు. జనవరి రెస్పాన్స్ షీట్‌లో కాన్సెప్ట్ తప్పులే ఎక్కువగా కనిపించిన పిల్లవాణ్ణి ఫిబ్రవరిలోనే ఈఏపీసెట్ వైపు మళ్లించి, ఏప్రిల్ పరీక్షను ఒత్తిడి లేకుండా రాసి రమ్మనే ధైర్యం కాలేజీ చేయాలి. కాలేజీ చేయకపోతే ఫీజు కట్టిన తల్లిదండ్రులైనా చేయాలి.